ఒకే మనిషి నెత్తురు

మా ఉమాకాంత్ సార్‌కు ఒక సామెత ఉంది. పెద్దలెవరో చెప్పింది కాదు, ఆయన సొంత తయారీ. "రెక్కలొచ్చినంక ఎగిరిపోయే పిట్టకు గింజలెందుకు?" అంటాడు. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పించమని ఎవరడిగినా ఇదే జవాబు. నారాయణగూడ మెట్రో స్టేషన్ వెనక గల్లీలో ఆయనకు రక్తపరీక్షల ల్యాబు ఉంది. నేను అందులో ఇరవై మూడేళ్లుగా టెక్నీషియన్‌ని. పేరు మహేశ్వరి. నోరు కాస్త పెద్దది. చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలవాళ్లు నన్ను దూరం నుంచి చూసే తూకం సరిచేసుకుంటారు.

ఆ సామెత ఊరికే పుట్టలేదు. ఆరేళ్ల కింద శ్రీనాథ్ అనే కుర్రాణ్ణి సార్ తన ఖర్చుతో రెండు నెలల కోర్సుకు పంపాడు. తిరిగొచ్చాక మిగిలిన పనంతా నేను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. ఒకరోజు సార్ నవ్వుతూ, "శ్రీనాథ్‌కు అంత వచ్చేసింది. ఇగ మీరు జర రెస్ట్ తీస్కోవచ్చు మేడం" అన్నాడు. మంచికే అన్నాడేమో. నాకు మాత్రం మూడు రోజులు అన్నం సయించలేదు. మా ఆయన పోయాక ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదనే. నాకు తెలిసిందంతా ఇంకొకడికి తెలిస్తే ఇంక నేనెందుకు?

మూడో నెలలో శ్రీనాథ్ పెద్ద ల్యాబులో చేరిపోయాడు. సార్ తల పట్టుకున్నాడు. నేను పైకి అయ్యో అన్నాను, లోపల బతికిపోయాననుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన డబ్బు మూట ముడేశాడు, నేను పనితనం మూట ముడేశాను. ఆయన పిసినారితనం గురించి గల్లీ అంతా చెప్పేదాన్ని. నా పిసినారితనం సంగతి ఎవరికీ తెలియదు.

నర్మద మా దగ్గరికి రెండేళ్ల కింద ఊడ్చి తుడిచే పనికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. పాలమూరు వైపు మనిషి. భర్త నగేష్ కట్టుబడి పనికి పోతాడు, కవాడిగూడ బస్తీలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. పదో తరగతి పాసయింది. ఒక పొద్దున ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొచ్చే అబ్బాయి చెప్పాపెట్టకుండా మానేశాడు. సార్ నాలుగు దిక్కులూ చూసి, చివరికి చీపురు పట్టుకున్న నర్మదను చూశాడు.

"సూది పట్టుడు వస్తదా నర్మదా?"

"దినాం చూస్తనే ఉన్న గద సార్" అంది.

నిజం చెప్పొద్దూ, ఆమె చెయ్యి మంచిది. వేలితో అట్లా తడిమి నరం పట్టేసేది. అశోక్‌నగర్ పెద్దవాళ్లు నెల తిరక్కుండానే "ఆ నర్మదనే పంపుండ్రి" అని ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఇరవై మూడేళ్లలో నన్నెవరూ పేరుపెట్టి అడగలేదు. అది నాకు గుచ్చుకుంది. గుచ్చుకుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆమెకు నేను చెప్పింది మూడే ముక్కలు. గ్లవుజు తొడుక్కో. పేరు చీటీ తప్పుగా అంటించకు. ఊదా మూత ట్యూబు ఒకటి, పసుపు మూత ట్యూబు ఒకటి, రెండూ గీత దాకా నిండాలె. రెండు రంగులెందుకు, లోపల ఏముంటుంది, ఏది ముందు నింపాలి, ఇవేవీ చెప్పలేదు. ఆమె ఒకసారి అడిగింది కూడా. "నీకెందుకవన్ని? చెప్పింది చెయ్" అన్నాను.

తర్వాత ఒకసారి పసుపు ట్యూబులో రక్తం తక్కువ తెచ్చింది. మిషన్ తీసుకోలేదు. మళ్లీ ఆ ఇంటికి పంపాల్సి వచ్చింది, వాళ్లు సార్‌కు ఫోన్ చేసి దులిపారు, సార్ నన్ను దులిపాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నేను నర్మదను అందరి ముందూ పట్టుకున్నాను. "ఇంకోసారి తక్కువ తెస్తే ఊకోను. ఎట్ల నింపుతవో నాకు తెల్వది. గీత దాకా నిండాలె, అంతే." ఆమె తల వంచుకుని సరే మేడం అంది.

ఆ నెలలోనే తనిఖీ వచ్చింది. మా ల్యాబు పద్ధతిగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చే తనిఖీ అది. వాళ్లకు చూపించాల్సిన కాయితాల్లో ఉద్యోగుల శిక్షణ రిజిస్టరు ఒకటి. ఎవరికి, ఏ తేదీన, ఏ విషయం నేర్పాం, నేర్చుకున్నవాళ్ల సంతకం, నేర్పినవాళ్ల సంతకం. మేం ఏటా చేసే పనే. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని ఏడాది శిక్షణంతా రాసేస్తాను. ఒకే దస్తూరీ అనుమానం రాకుండా రెండు రంగుల పెన్నులు వాడతాను. ఆ తెలివి నాదే.

నర్మదను పిలిచి పదకొండు చోట్ల సంతకం పెట్టమన్నాను. ఆమె చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని వచ్చి, ప్రతి చోటా అక్షరం అక్షరం దిద్ది పెట్టింది. ఆఫీసు పుస్తకంలో సంతకం పెట్టడం ఆమెకు అదే మొదలట. ఏడో వరుస దగ్గర ఆగి, పైకి చదివింది. "ట్యూబుల రకాలు, నింపే పద్ధతి, చేయకూడని పనులు."

"ఇవన్ని ఎప్పుడు నేర్పుతరు మేడం?"

"నేర్పుతలే. ముందు తనిఖీ కానీ" అన్నాను.

తనిఖీ అయింది. సర్టిఫికెట్ వచ్చింది. సార్ దానికి చట్రం కట్టించి గోడకు తగిలించాడు. నేర్పడం మాట ఎవరూ ఎత్తలేదు.

అశోక్‌నగర్‌లో ఇంద్రసేన గారని, డెబ్బై నాలుగేళ్లాయన. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. బీపీ, కిడ్నీలు కొంచెం తేడా. కూతురు శ్రీదివ్య కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఇద్దరూ కలిసే ఉంటారు. మూడు నెలలకోసారి పరీక్షలు మా దగ్గరే. ఒక గురువారం పొద్దున నర్మద వెళ్లి ఆయన రక్తం తెచ్చింది. ట్యూబులు రెండూ గీత దాకా నిండి ఉన్నాయి. నేను మనసులో భేష్ అనుకున్నాను.

మిషన్‌లో పొటాషియం ఏడు పాయింట్ నాలుగు వచ్చింది. ఐదు దాటితేనే డాక్టర్లు కనుబొమలు ఎగరేస్తారు. ఏడంటే గుండె ఏ క్షణమైనా ఆగొచ్చు. ఇలాంటి అంకె వచ్చినప్పుడు ముందు ట్యూబును అనుమానించాలి. నాకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ కిడ్నీ మనిషి కదా, ఉంటుందిలే అనుకున్నాను. వెంటనే డాక్టరుకు ఫోన్ కొట్టాను. ప్రాణం కాపాడానన్న గర్వంతో ఆ పూట రెండో కప్పు టీ కూడా తాగాను.

శనివారం పొద్దున్నే శ్రీదివ్య ల్యాబుకు వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. కౌంటర్ మీద రెండు కాయితాలు పక్కపక్కన పెట్టింది. ఒకటి మాది, ఏడు పాయింట్ నాలుగు. రెండోది ఆస్పత్రిది, అదే రోజు గంటన్నర తర్వాత తీసింది, నాలుగు పాయింట్ రెండు.

"మీ రిపోర్ట్ చూసి నాన్నను పరుగెత్తుకుంట తీస్కపోయినం. వాళ్లు రెండో రిపోర్ట్ వచ్చేదాక ఆగలే. ఆగితే ప్రాణం పోతదన్నరు. పొటాషియం దింపెటందుకు ఇన్సులిన్ ఇచ్చిండ్రు. దాంతోని షుగర్ పడిపోయింది. మంచం దిగబోయి పడ్డడు, తుంటి ఎముక ఇరిగింది." ఆమె గొంతు ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "రేపు ఆపరేషన్. నాకు ఒక్కటే చెప్పుండ్రి. ఏడు ఎట్ల వచ్చింది?"

సోమవారం చెబుతామని సార్ ఆమెను ఎలాగో పంపించాడు. నేను నర్మదను వెనక గదిలోకి పిలిచి తలుపు వేశాను. ఆ గురువారం ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆమె ఏమీ దాచలేదు.

"ఊదా మూతది గీత దాటి నిండింది మేడం. పసుపుదాంట్ల గీతకు జర తక్కువుండంగనే నరం ఆగిపోయింది. తాత చెయ్యి వణుకుతుంది. ఇంకోపారి పొడుస్తవా బిడ్డా అన్నడు. నాకు పాపమనిపిచ్చింది. తక్కువ తెస్తే మీరు ఊకోరు గద. గందుకే ఊదాదాంట్లకెల్లి కొంచెం పసుపుదాంట్ల పోసిన." నా ముఖం చూసి భయపడింది. "ఒకే మనిషి నెత్తురే గద మేడం. వేరేటోళ్లది కల్పలే."

స్టూలు మీద కూలబడ్డాను. ఆ నింపడం నేను చేయించిందే. గీత దాకా నిండాలని అరిచిన దాన్ని, పోయకూడదని మాత్రం చెప్పలేదు.

తలుపు అవతల సార్ అంతా విన్నాడు. లోపలికి వచ్చి నర్మదను బయటికి పొమ్మని, "రిజిస్టర్ తెండ్రి మేడం" అన్నాడు. తెచ్చాను. ఏడో వరుస మీద వేలు పెట్టాడు. "చేయకూడని పనులు. మార్చి పద్నాలుగు. సంతకం ఉంది. మీ సంతకం గూడ ఉంది. మనం నేర్పినం, ఆమె మరిచింది. ఇగ మన తప్పేముంది?"

"సార్, మనం నేర్పలే గద."

"నేర్పలేదని మీరే చెప్తరా?" ఆయన నా వైపు సూటిగా చూశాడు. "చెప్పుండ్రి. దొంగ సంతకం మీది, రిపోర్ట్ చూసింది మీరు, ఫోన్ చేసింది మీరు. నేను మిమ్మల్ని కాపాడలేను."

సోమవారం శ్రీదివ్య వచ్చింది. ఆపరేషన్ అయిందని, నడవడానికి నెలలు పడుతుందన్నారని చెప్పింది. సార్ ఆమె ముందు రిజిస్టరు తెరిచి పెట్టాడు. ఆమె చదివి, గోడ దగ్గర నిలబడ్డ నర్మదను అడిగింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే మేడం."

"ఒకదాంట్లది ఇంకోదాంట్ల పోయొద్దని నీకు నేర్పిండ్రా?"

నర్మద నా వైపు చూసింది. కోపంగా కాదు. ఏం చెప్పమంటారు అని అడిగినట్టు చూసింది. నేను నోరు తెరిస్తే చాలు. చిక్కడపల్లి మార్కెట్టంతా దద్దరిల్లే నోరు. నేను కిటికీ వైపు చూశాను.

"నేర్పిండ్రు" అంది నర్మద. "మేడం జెప్పింది. నేనే యాది మర్సిన."

శ్రీదివ్య రిజిస్టరు మూసి, "మా నాన్న నిన్నే పంపమని అడిగెటోడు" అని లేచి వెళ్లిపోయింది. నర్మదను సార్ ఆ పూటే మాన్పించాడు. ఆమె వెళ్తూ వెళ్తూ రోజూ తొడుక్కునే తెల్లకోటు మడతపెట్టి నా కుర్చీ మీద పెట్టింది.

ఆ తర్వాత జరిగింది వింటే నవ్వొస్తుంది, నవ్వలేం. సంగతి డాక్టర్లలో పాకింది. రోజూ మాకు రోగుల్ని పంపే ఇద్దరు పంపడం మానేశారు. సార్ వారం రోజులు ఫోన్ల మీదే ఉన్నాడు. ఎనిమిదో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, ఇగ అందరికి మంచిగ నేర్పాలె. ప్రతి శనివారం రెండు గంటలు. ఏం సామాను కావాల్నన్న తెప్పిస్త. నేర్పినోడు పోతె ఒక్కడే పోతడు, నేర్పకపోతె దుకాణమే పోతదని ఇప్పుడు తెలిసింది" అన్నాడు. పాత సామెత మాట మళ్లీ ఎత్తలేదు. బుద్ధి వచ్చింది పాపం. ఆ బుద్ధి ఖరీదు వేరేవాళ్లు కట్టారు.

మొదటి శనివారం ముగ్గురు కూర్చున్నారు. నర్మద బదులు వచ్చిన కీర్తన, బండి మీద తిరిగే బబ్లూ, మిషన్ దగ్గర ఉండే అనురాగ్. నేను రెండు ట్యూబులు చేత పట్టుకుని నిలబడ్డాను. పసుపు ముందు నింపాలి, ఊదా తర్వాత. ఊదాదాంట్లో రక్తం గడ్డకట్టకుండా ఒక ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పులోనే పొటాషియం ఉంది, అందుకే చుక్క కూడా పసుపుదాంట్లో పోయకూడదు. కీర్తన రాసుకుంటూ తలెత్తింది.

"ఇంతకుముందు చేసినామె ఇట్లనే పోసిందట గద మేడం. మీరు నేర్పినంక గూడ ఎట్ల పోసింది?"

ఆ పిల్ల ఊరికే అడిగింది. తలుపు దగ్గర సార్ నిలబడి వింటున్నాడు.

"ఆమెకు నేను నేర్పలే" అన్నాను. "సంతకం పెట్టిచ్చిన, అంతే."

సార్ ముఖం నల్లబడింది. క్లాసు అయ్యాక తన గదిలోకి పిలిచి చాలా అన్నాడు. సర్టిఫికెట్ పోతుందన్నాడు, ఇన్నేళ్ల నమ్మకం అన్నాడు. నేను బ్యాగు తీసుకుని బయటికి వచ్చి నేరుగా అశోక్‌నగర్ నడిచాను.

శ్రీదివ్య తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు. గుమ్మం దగ్గరే నిలబడి అంతా చెప్పాను. రిజిస్టరు, రెండు రంగుల పెన్నులు, గీత దాకా నింపమని అరవడం, అన్నీ చెప్పాను. లోపల మంచం మీద ఇంద్రసేన గారి పాదాలు కనిపిస్తున్నాయి.

"ఆ రోజు నేను అడిగినప్పుడు మీరు అక్కడనే ఉన్నరు" అంది ఆమె.

"ఉన్న."

"ఆమె వచ్చింది తెలుసా? మొన్న బత్తాయిలు పట్టుకుని వచ్చి నాన్న కాళ్లు మొక్కింది. నేను లోపలికి రానియ్యలే. నాన్ననే పిలిచిండు." చెయ్యి ఎత్తి గల్లీ చివర చూపించింది. "ఆ కట్టే బిల్డింగ్ల పని చేస్తుంది. పోయి ఆమెకు చెప్పుండ్రి. నాకు చెప్తె ఏం లాభం?"

అక్కడ ఐదంతస్తులు లేస్తున్నాయి. ఇసుక కుప్ప పక్కన నర్మద తట్టలోకి ఇటుకలు పేరుస్తోంది. తలకు తుండుగుడ్డ చుట్టుకుంది. నరం వెతికి పట్టే ఆ వేళ్లు సిమెంటు అంటి తెల్లగా పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది, అలవాటు కొద్దీ.

"ఎట్లున్నరు మేడం? తాతను చూసిండ్రా? నిన్న రెండడుగులు ఏసిండంట."

నేను తప్పు చేశానని, ఆ రోజు నోరు మూసుకున్నానని, ఇప్పుడు అందరికీ చెప్పానని అన్నాను. సార్‌తో మాట్లాడి మళ్లీ పనిలోకి తీసుకునేలా చూస్తానని కూడా అన్నాను. అది నా చేతిలో లేదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. విని తల ఊపింది.

"మీకు గూడ ఇల్లుంది గద మేడం. గందుకే నేర్పిండ్రని జెప్పిన" అంది. తర్వాత, "ఒకటి అడగాల్నా?" అంది.

"అడుగు."

"ఆ ఊదా మూతదాంట్ల ఏముంటది? ఒకే మనిషి నెత్తురు పోస్తె ఎందుకు తప్పయింది? ఎవరు జెప్పలే నాకు. దినాం పండుకునేటప్పుడు గదే మతికొస్తది."

తప్పు చేశావని పని నుంచి తీసేశాం. ఆ తప్పేమిటో మాత్రం చెప్పలేదు. నాకు అప్పుడు తట్టింది. అక్కడే ఇసుక కుప్ప పక్కన నిలబడి చెప్పాను. గడ్డకట్టకుండా వేసే ఉప్పు గురించి, అందులో ఉండే పొటాషియం గురించి, అది కాస్త కలిస్తే బాగున్న మనిషి కాయితం మీద చావుకు దగ్గరైపోవడం గురించి. ఆమె కళ్లార్పకుండా వింది. ఒకటే ప్రశ్న వేసింది, సరైన ప్రశ్న. "మరి నరం ఆగిపోతె?" ఉన్నంతవరకే తేవాలి, తక్కువ వచ్చిందని చెప్పాలి, అవసరమైతే ఇంకోసారి పొడవాలి అన్నాను.

"గంతేనా?"

"అంతే."

ఆమె ఇంకో ఇటుక తట్టలో పెట్టింది. పైనుంచి మేస్త్రీ ఆమెను పేరు పెట్టి కేకేశాడు.

"గిది చెప్పనీకె రెండు నిమిషాలు గూడ పట్టలే గద మేడం" అంది నర్మద.

ఆమె వంగి తట్ట అంచు పట్టుకుని, "జర ఎత్తియ్యుండ్రి" అంది. నేను బ్యాగు కింద పెట్టి, రెండో వైపు పట్టుకుని ఆమె తల మీదికి ఎత్తాను.